ఊదా పెన్సిలు

మా అమ్మ పోయాక, ఓల్డామ్‌లో ఆమె వంటింట్లో, పిండిడబ్బా మూత తిప్పి చూశాను. మూత లోపలివైపు పెన్సిలుతో రాసి ఉంది. తడి తగిలితే ఊదారంగుకి తిరిగే రకం పెన్సిలు. వంటింటి ఆవిరికి అక్షరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. "బుధవారం బొగ్గులవాడు. పొయ్యి ఆర్పాలి. ఎనిడ్ – కూతురు. లండన్."

నేను ఆమెకు ఒక్కతే కూతుర్ని. నా పేరు మర్చిపోకుండా ఉండడానికి నన్ను పిండిడబ్బాలో దాచుకుంది.

అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. డబ్బా ఖాళీ చేశాను, మూత గీకి కడిగాను, ఎవరికీ చెప్పలేదు. ఆ పెన్సిలు ముక్క మాత్రం నా సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అప్పుడు ఆలోచించలేదు. పదిహేనేళ్లు పోయాక, నా అరవై మూడో ఏట, అదే పెన్సిలుతో అదే పని చేశాను.

నేను నటిని. ఎనిడ్ గార్‌సైడ్ అనే పేరు ఎవరికీ తెలియదు, ముఖం అందరికీ తెలుసు. బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్లు కాసేపు చూసి, "మీరు మా వీధి రొట్టెల కొట్టు ఆవిడ కదూ?" అంటారు. అవునంటాను. ఒకాయన ఒకసారి నన్ను తన భార్యకి పురుడు పోసిన మంత్రసాని అనుకుని, పిల్లాడు ఎంత పొడుగయ్యాడో చేత్తో చూపించాడు. నాకు ముప్పై ఏళ్లొచ్చేదాకా నాటకాల్లో పనిమనిషిని, తర్వాత వంటమనిషిని, ఆ తర్వాత అద్దె గదుల ఇంటి యజమానురాలిని, మేనత్తని, చావు కబురు తెచ్చే పొరుగింటావిడని. వారానికో నాటకం వేసే ఊళ్లలో పదకొండేళ్లు తిరిగాను. మంగళవారం పొద్దున మొదటి అంకం, బుధవారం రెండోది, సోమవారం సాయంత్రానికి తెర లేవాలి. మాటలు కంఠతా పట్టడం నాకు ఊపిరి పీల్చినంత పని. అదో గొప్పని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

మనుషుల్ని తయారు చెయ్యడం మాత్రం కష్టపడి నేర్చుకున్నాను. నిజానికి నేను తయారు చేసింది ఒక్క మనిషినే, మా అమ్మని. ఆమె నడక ఒక వంటమనిషికి ఇచ్చాను. ఎవరితోనైనా చెయ్యి కలిపేముందు ఏప్రనుకి తుడుచుకునే అలవాటు ఒక మంత్రసానికి ఇచ్చాను. బల్ల దగ్గర కూర్చుని ఏం చెప్పాలో తోచనప్పుడు ఆమె అరచేత్తో బల్లగుడ్డని మధ్యలోంచి అంచుకి, మధ్యలోంచి అంచుకి సవరిస్తూ ఉండేది. అది కనీసం నలభై పాత్రలకి ఇచ్చి ఉంటాను. చివరి రెండేళ్లలో ఆ సవరించడం తప్ప అమ్మకి మరేం మిగల్లేదు. ఆమెలో నేను వాడుకోనిది ఆ మరుపు ఒక్కటేనని ఆమెను పాతిపెట్టిన రోజున అనుకున్నాను. దాన్ని తలుచుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఆ ఏడు చలికాలంలో నాకూ మరుపు మొదలైంది. కెటిల్ చేత్తో పట్టుకుని దాన్నేమంటారో గుర్తు రాక నిలబడ్డాను. మరోరోజు క్లాపమ్‌లో బస్సు దిగి, మా ఇల్లు రోడ్డుకి ఏ పక్కో తెలియక, తెలిసినట్టే నడిచాను. తెలిసినట్టు నడవడం నాకు వచ్చు. నలభై ఏళ్లుగా అదే నా వృత్తి.

సరిగ్గా ఆ సమయంలో టెలివిజన్‌వాళ్లు పిలిచి పెద్ద వేషం ఇచ్చారు.

సముద్రపు ఊరిలో అద్దె గదుల ఇల్లు. మెట్ల మీంచి పడి ఒక ముసలాయన చనిపోతాడు. పోలీసు ఇన్‌స్పెక్టరు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇంటి యజమానురాలు మిసెస్ డాక్స్‌ని అడుగుతాడు. ఆమె చెప్తుంది, ఎనిమిది నిమిషాలు, ఆపకుండా. నలభై ఏళ్లలో నేను ఒక్కసారిగా రెండు నిమిషాలు మించి మాట్లాడి ఎరగను.

టెలివిజన్ నాటకమంటే అప్పుడు ముందే తీసి దాచుకునేది కాదు. ఆదివారం సాయంత్రం ఎనిమిదిన్నరకి స్టూడియోలో ఆడతాం, అదే క్షణంలో దేశమంతా చూస్తుంది. గురువారం మళ్లీ అందరం వచ్చి అదే నాటకం మొదట్నుంచీ ఆడతాం. తప్పు చేస్తే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. మాట మర్చిపోతే ఒకటే దిక్కు, కెమెరా పక్కన చిన్న స్టూలు మీద ఒళ్లో పుస్తకంతో కూర్చునే మనిషి. ఆ మనిషి చేతిలో తీగ చివర ఒక మీట ఉంటుంది. అది నొక్కితే స్టూడియో మైకులన్నీ చచ్చిపోతాయి. ఇళ్లలో బొమ్మ కదులుతుంటుంది, శబ్దం ఉండదు. ఆ మనిషి గట్టిగా మాట అందిస్తుంది, నటుడు అందుకుంటాడు, మీట వదులుతుంది. ఇంటిదగ్గర జనం లేచి తమ పెట్టెని ఒకటి చరిచి, బాగైందనుకుని కూర్చుంటారు.

మా స్టూలు మీద కూర్చున్నది ఓల్వెన్ ప్రాసర్. వేల్స్ మనిషి, నాకంటే ఏడేళ్లు చిన్న. ముప్పై ఏళ్లనాడు ఇద్దరం ఒకే గదిలో ఒకే దుప్పటి కప్పుకుని ఊళ్లు తిరిగినవాళ్లం.

స్కౌట్ పిల్లల హాల్లో మూడు వారాలు రిహార్సలు. నేల మీద రంగు టేపు అంటించి, ఇది గోడ, ఇది తలుపు, ఇవి మెట్లు అన్నారు. దర్శకుడు హ్యూ లారిమర్‌కి ముప్పై ఐదేళ్లుంటాయి. పెద్దగా అరిచేవాడు కాదు, అందరినీ డార్లింగ్ అనేవాడు.

"ఎనిడ్ డార్లింగ్, మళ్లీ గోడలోంచి వచ్చావు. నువ్వు ఇంటావిడవా, దెయ్యానివా?"

"దెయ్యమైతే ఇన్నిసార్లు టీ పెట్టదు బాబూ."

ఇన్‌స్పెక్టరు వేషం బేసిల్ క్రూది. మీసం అంటించుకోకముందే దాన్ని దువ్వుకునే రకం. "ఆవిడకి ఎనిమిది నిమిషాలిచ్చారు, నాకు ఎనిమిది 'ఊఁ'లు ఇచ్చారు. నేనూ కంఠతా పట్టాలా హ్యూ, లేకపోతే కాగితం చూసి అనొచ్చా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండో వారం చివరికి ఆ ఎనిమిది నిమిషాల్లో ఎక్కడెక్కడ నేల లేదో నాకు తెలిసింది. రోజుకో చోట కాదు, ఎప్పుడూ అవే చోట్లు. వాటిలో అన్నిటికంటే లోతైనది మెట్టు దగ్గర. "మా ఇంట్లో అందరూ మూడో మెట్టు దాటి కాలేస్తారు. ఆ రాత్రి..." అక్కడ ఆగాలి, ఆ తర్వాత "మూడో మెట్టు కిర్రుమంది" అనాలి. అంటే వచ్చినవాడు ఇంటివాడు కాదు. నాటకమంతా ఆ మూడు మాటల మీద నిలబడింది.

ఆదివారం మధ్యాహ్నం, స్టూడియోలో ఎవరూ లేనప్పుడు, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. తెల్లటి బల్లగుడ్డ. అమ్మ పెన్సిలు తీశాను. మామూలు పెన్సిలైతే పళ్లేల కింద చెరిగిపోతుంది, ఇది చెరగదు. నా వైపు అంచు వెంట ప్రతి పేరాకీ మొదటి మాట, చీమ తలంత అక్షరాలతో రాసుకున్నాను. రాస్తున్నంతసేపూ పిండిడబ్బా మూత గుర్తుకొచ్చింది. అయినా రాశాను.

మూడింటికి అసలు దుస్తులతో చివరి రిహార్సలు. చేత్తో గుడ్డని మధ్యలోంచి అంచుకి సవరిస్తూ ఒక్కొక్క మాటే చదువుకున్నాను. ఎక్కడా ఆగలేదు. హ్యూ పైన అద్దాల గదిలోంచి మైకులో, "ఆ చేత్తో సవరించడం అద్భుతం, అలాగే ఉంచు" అన్నాడు. క్యాంటీన్‌కి వెళ్లి రెండు ఉడికించిన గుడ్లు తిన్నాను. నెలరోజుల్లో ఆకలేసింది ఆ పూటే.

ఎనిమిదిన్నరకి ఎర్ర దీపం వెలిగింది. తొమ్మిది దాటాక నా ఎనిమిది నిమిషాలు మొదలయ్యాయి. కెమెరా మెల్లగా నా ముఖం మీదికి వచ్చింది. నేను తల దించాను.

బల్లగుడ్డ తెల్లగా లేదు. లేత గోధుమరంగులో ఉంది. అంచు వెంట నా మాటలున్న చోట ఊదారంగు మబ్బులు.

నాకు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది. కెమెరా తెలుపుని భరించలేదు, తెల్లటిది ఏదైనా తెర మీద మంటలా కొడుతుంది. అందుకే చొక్కాలూ ఏప్రన్లూ ముందే పలచటి టీలో ముంచి ఇస్తారు. ఈ గుడ్డని ఎవరో మర్చిపోయి, చివరి రిహార్సలులో చూసుకుని, నేను గుడ్లు తింటుండగా ముంచారు.

నోరు దానంతటది నడుస్తోంది. "మా ఇంట్లో అందరూ మూడో మెట్టు దాటి కాలేస్తారు. ఆ రాత్రి..."

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం. మాట మర్చిపోవడం నాకు తెలుసు, అందరికీ ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. చెవుల్లో హోరు, అరచేతుల్లో చెమట, కళ్లు స్టూలు వైపు పరిగెత్తడం. ఇది అది కాదు. ఇందులో హోరు లేదు. ఎదురుగా మీసాల మనిషి ఒకడు కూర్చుని నావైపు చూస్తున్నాడు. ఏదో కావాలని వచ్చినట్టున్నాడు, పాపం. టీ పెట్టి ఇద్దామనుకున్నాను. వంటిల్లు ఎటో తెలియలేదు. అమ్మకి తెలుసు, అడగాలి అనుకున్నాను. బల్లగుడ్డ ముడతలు పడి ఉంది, సవరించాను. మధ్యలోంచి అంచుకి.

"మూడో మెట్టు కిర్రుమంది."

ఎవరో అన్నారు. నేనే అన్నాను. ఎక్కడనుంచి వచ్చిందో తెలియదు. అక్కణ్నుంచి చివరిదాకా మాటలు వరసగా వచ్చాయి. వాటిలో ఒక్కటీ నేను పిలవలేదు.

ఎర్ర దీపం ఆరగానే హ్యూ ఇనప మెట్లమీంచి దబదబా దిగి వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "పద్నాలుగు సెకన్లు! గడియారం చూశాను. పద్నాలుగు సెకన్లు దేశాన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఎక్కడ దాచావు ఇన్నాళ్లూ?" అని నా చేతులు పట్టుకున్నాడు.

బేసిల్ మీసం పీక్కుంటూ, "నేను చచ్చాననుకున్నాను. ముందే చెప్పకూడదూ, కనీసం దగ్గేవాణ్ని" అన్నాడు.

దుస్తులు చూసే బెరిల్ గుడ్డ లాగి మడతపెడుతోంది. "ఏ వెధవో దీనిమీద గీతలు గీశాడు మిస్ గార్‌సైడ్. టీలో ముంచానో లేదో ఊదాగా పూసుకుంది. ఇస్త్రీ చెయ్యడానికే టైము చాల్లేదు, ఉతకడం ఎక్కడ? తెరమీద మాంసం పులుసు మరకలా ఉందిట లెండి, బతికిపోయాం."

ఓల్వెన్ స్టూలు మీంచి లేవలేదు. నావైపే చూస్తోంది. నేను కోటు వేసుకుని వెళ్లిపోయాను.

సోమవారం పేపర్లు మెచ్చుకున్నాయి. మంగళవారం హ్యూ ఫోను చేశాడు. గురువారం అచ్చం అలాగే, ఆ పద్నాలుగు సెకన్లూ కావాలన్నాడు. ఇంకో మంచి కబురు, సోమవారం నుంచి కొత్త నాటకం రిహార్సలు, అందులో మామ్మ వేషం నాదే. "ఓల్వెన్‌కి చెప్పాను. అక్కడ మీట ముట్టుకోవద్దన్నాను. ఆ నిశ్శబ్దం నీది. ఎవరూ నీ జోలికి రారు."

ఫోను పెట్టేసి మెట్ల మీద కూర్చున్నాను. నేను పడిన గొయ్యి వాళ్లకి నచ్చింది. మళ్లీ అందులో దూకమంటున్నారు. ఈసారి తాడు కూడా తీసేస్తున్నారు.

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఓల్వెన్ ట్రేతో వచ్చి ఎదురుగా కూర్చుంది. బఠాణీలు ఫోర్కుతో నలుపుతూ, "ఏమే, నన్ను తప్పించుకుని తిరుగుతున్నావు?" అంది.

"లేదే."

"ముప్పై ఏళ్లుగా, నాటకశాలల్లోనూ ఇక్కడా, స్టూలు మీదే నా పిరుదులు అరిగాయి. మాట పోయినవాడు ఎవడైనా సరే, రాజు వేషంలో ఉన్నా సరే, నావైపు చూస్తాడు. ఆదివారం నువ్వు చూడలేదు. అందుకే నేను నొక్కలేదు. నటిస్తున్నావనుకున్నాను." బఠాణీల మీంచి తలెత్తింది. "నటించావా?"

"నువ్వు ఉన్నావన్న సంగతే మర్చిపోయాను ఓల్వెన్."

ఫోర్కు ఆగింది.

"నిన్నే కాదు. నాటకమన్న సంగతి. నేను ఎవరన్న సంగతి. బేసిల్‌కి టీ ఇద్దామనుకున్నాను."

"వాడికి టీయా! అయితే నిజంగానే మతి పోయింది" అంది. ఇద్దరం నవ్వాం, ఆపుకోలేక నవ్వాం. నవ్వు ఆగాక ఆమె నా మణికట్టు పట్టుకుంది. "మీ అమ్మకి లాగానా?"

పదిహేనేళ్లలో ఆ మాట పైకి అన్నది ఆమె ఒక్కతే. అవునన్నాను.

"హ్యూకి చెప్పు. ఇవాళే."

"చెప్తే ఈ సాయంత్రం ఎవరు ఆడతారు? ఇంకెవరికీ మాటలు రావు. దీని తర్వాత చెప్తాను."

"చెప్తావా?"

చెప్తానో లేదో నాకే తెలియదు. నలభై ఏళ్లు ట్రేలు మోశాక ఒక ముఖం దొరికింది, దాన్ని వదులుకోవాలని లేదు. ఆ సంగతి కూడా నన్ను భయపెట్టింది.

"అయితే నేను నొక్కుతాను" అంది ఓల్వెన్. "హ్యూ ఏమన్నా సరే. కానీ ఎప్పుడు నొక్కాలో నాకెలా తెలుస్తుందే? ఆ పద్నాలుగు సెకన్లలో నువ్వు నీలో ఉన్నావో లేదో నీ ముఖం చూసి చెప్పలేను. పాపిష్టిదానా, అంత బాగా చేస్తావు."

మిసెస్ డాక్స్ వేషానికి ఇచ్చిన ఇత్తడి పెళ్లి ఉంగరం నా వేలికి ఉంది. అది చూపించాను. "నేను నేనుగా ఉంటే బొటనవేలితో దీన్ని తిప్పుతుంటాను. అమ్మ ఎప్పుడూ ఉంగరం తిప్పలేదు. మిసెస్ డాక్స్ కూడా తిప్పలేదు. ఇది నాది. తిరగడం ఆగితే నొక్కు."

ఆ సాయంత్రం బెరిల్ ఉతికి ముంచి పెట్టిన గుడ్డ మీద ఏమీ లేదు. నేనూ రాయలేదు. ఎనిమిది నిమిషాలు మొదలైనప్పుడు మాటలన్నీ తలలో వెలుతురుగా ఉన్నాయి, ఒక్కొక్కటీ దాని చోట అది. ఎంత తేలిగ్గా ఉందంటే, ఆదివారం జరిగింది ఒట్టి అలసటేమో, అనవసరంగా భయపడ్డానేమో అనిపించింది. హ్యూకి చెప్పక్కర్లేదు. మామ్మ వేషం నాది.

"ఆ రాత్రి..."

ఆగాను. ఉంగరం తిప్పుతున్నాను. ఒకటి, రెండు. మూడో మెట్టు కిర్రుమంది, మాట ఇక్కడే ఉంది, నాలుక మీదే ఉంది. అయిదు. చేత్తో గుడ్డ సవరించాలి, ఆదివారం సవరించాను కదా. సవరించాను. ఏడు. ఎనిమిది. కెమెరా పక్కన చీకట్లో ఒకావిడ కూర్చుంది, ఒళ్లో పుస్తకం. పాపం అంత చీకట్లో ఏం చదువుతోంది? కళ్లు పోవూ? గుడ్డ ముడతలు పడుతోంది. ఎన్నిసార్లు సవరించినా మళ్లీ పడుతోంది. ఇది అమ్మకి నచ్చదు.

"ఎనిడ్."

ఆ పేరు నాకు తెలుసు. మూత మీద ఉంది.

"ఎనిడ్, ఇటు చూడవే. నేను, ఓల్వెన్‌ని. మూడో మెట్టు కిర్రుమంది."

దేశంలోని ఇళ్లన్నిటిలో జనం లేచి పెట్టెలు చరుస్తూ ఉండి ఉంటారు. నేను ఆమె కళ్లలోకి చూశాను. నేల కాళ్ల కిందికి వచ్చింది. ఆమె బొటనవేలు మీట మీంచి లేవడం చూశాను.

"మూడో మెట్టు కిర్రుమంది" అన్నాను.

దీపం ఆరాక ఈసారి హ్యూ మెట్లు దిగిన చప్పుడే వేరు. డార్లింగ్ అనలేదు. "ఎవరు నొక్కమన్నారు? ముట్టుకోవద్దని నోటితో చెప్పానా లేదా? పదో సెకనులో చంపేశావు!"

"వేలు జారింది" అంది ఓల్వెన్, పుస్తకం మూస్తూ.

"ఇన్నేళ్లలో జారని వేలు ఇవాళ జారిందా? ఇంకెప్పుడూ నా నాటకంలో నువ్వు ఆ స్టూలు మీద కూర్చోవద్దు."

ఓల్వెన్ నావైపు చూడలేదు. నేను ఊరుకుంటే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఊరుకోవడం ఎంత సులువో ఆ క్షణంలో కొలిచి చూసుకున్నాను. దాచేకొద్దీ దాచడానికి ఇంకో చోటు కావాలి, చివరికి పిండిడబ్బా.

"వేలు జారలేదు హ్యూ. నేను మర్చిపోయాను. పిలిచి వెనక్కి తెచ్చింది."

అతను అలసటగా నవ్వాడు. "స్నేహితురాలిని కాపాడుతున్నావు. బాగుంది ఎనిడ్, కానీ నాటకం అయిపోయింది, నటించకు."

నా ముఖం నా మాట వినడం లేదు. ఇన్నేళ్లు ఎవరెవరికో ఇచ్చిన ముఖం, నాకు అవసరమైనప్పుడు దాన్ని ఎవరూ నమ్మడం లేదు. ఏప్రను జేబులో చెయ్యి పెట్టాను. పెన్సిలు ముక్క తీసి, నాలుకతో తడిచేసి, బెరిల్ మడుస్తున్న బల్లగుడ్డ మీద ఒక గీత గీశాను. ఊదాగా పాకింది.

"అయ్యో!" అంది బెరిల్. "అది మీరా? ఆదివారం గీసింది మీరా? ఎంత రుద్దానో తెలుసా అమ్మా, చేతులు పడిపోయాయి!"

హ్యూ గీతని చూశాడు, నన్ను చూశాడు. ఈసారి ఎవరూ సెకన్లు లెక్కపెట్టలేదు.

"ఆదివారం కూడానా?" అన్నాడు చివరికి.

"ఆదివారం కూడా."

"నేను సంబరపడ్డాను" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి, "మామ్మ వేషం..." అని మొదలుపెట్టాడు.

"సోమవారం నేను రాను హ్యూ. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఓల్వెన్‌ని స్టూలు మీంచి తీయకు."

బయట జూన్ నెల వెలుతురు ఇంకా పోలేదు. బస్సు స్టాపులో ఓల్వెన్ సిగరెట్టు వెలిగించి నా చెయ్యి చూసింది.

"ఉంగరం ఇవ్వలేదా?"

"ఇవ్వడం మర్చిపోయాను."

"మర్చిపోయావా, కొట్టేశావా?"

"తెలియదు" అన్నాను. అది నిజం. నవ్వు రాలేదు, ఇద్దరికీ.

దూరంగా బస్సు మలుపు తిరిగింది. "నీది ఎన్నో నంబరే?" అంది ఓల్వెన్, ఊరికే అడిగినట్టు. ఊరికే అడగలేదని నాకు తెలుసు. నంబరు తెలుసు, పదకొండేళ్లుగా అదే బస్సు, అది నాలుక మీదే ఉంది. బస్సు దగ్గరికి వస్తోంది. దాని నుదుటి మీద రాసి ఉంది, తలెత్తితే చదవొచ్చు. నేను తలెత్తలేదు.

ఓల్వెన్ కూడా బస్సు వైపు చూడటం లేదు. నా వేలివైపే చూస్తోంది. నేను ఉంగరం తిప్పుతూనే ఉన్నాను.